గదుల లెక్క తీయండి

బొంబాయిలో 1921 నాటి శిశు మరణాలను మున్సిపల్ ఆరోగ్య శాఖ ఇంటి గదుల లెక్కన విడగొట్టి చూపింది. ఒంటి గది కాపురాల్లో వెయ్యి జననాలకు 828 మంది బిడ్డలు ఏడాది నిండకుండానే పోయారు. రెండు గదులుంటే 322. మూడైతే 191. నాలుగు, ఆపైన ఉంటే 133. అదే ఊరు, అదే ఏడాది. ఆ ఊళ్లో దాదాపు మూడింట రెండొంతుల మందివి ఒంటి గది బతుకులే.

828ని ఉన్నదున్నట్టు నమ్మమని మేం అనం. మిల్లు కూలీల ఆడవాళ్లు చాలామంది పురుటికి సొంతూరు వెళ్లేవారు. పుట్టుక ఆ ఊళ్లో, చావు బొంబాయిలో నమోదయ్యేది. దాంతో అంకె ఉబ్బింది. సరే, సగం కొట్టేద్దాం. 414 మిగులుతుంది. నాలుగు గదుల ఇంటితో పోలిస్తే అప్పటికీ మూడింతలు!

స్త్రీ కార్మికుల పరిస్థితిని విచారించిన డాక్టర్ బార్న్స్ అలాంటి ఒక గదిలోకి వెళ్లారు. కూలీలు ఒక్కో గదిలో అద్దెకుండే చాల్ అనే భవనంలో రెండో అంతస్తు, పొడవు 15 అడుగులు, వెడల్పు 12. నేల మీద ఆరు పొయ్యిలు, పొయ్యికో కుటుంబం. పిల్లాజెల్లా కలిపి 30 మంది. ముగ్గురు ఆడవాళ్లకు నెలలు నిండాయి. పురుడు ఎక్కడని అడిగితే నర్సు మూడడుగులకు నాలుగడుగుల జాగా చూపింది. తెర కట్టేది అక్కడేనట.

ఇది మనవాళ్లకు సంబంధం లేని కథ కాదు. బొంబాయిలోని కామాఠిపుర పేటకు ఆ పేరు తెలుగు నేల నుంచి వెళ్లిన కామాఠీలనే కూలీల వల్లే వచ్చింది. తెలంగాణ పద్మశాలీలు ఆ మిల్లుల్లోనే మగ్గాలు నడిపారు.

మిల్లుకెళ్లే తల్లుల బిడ్డల్లో నూటికి 98 మందికి నల్లమందు పడుతోందని కూడా బార్న్స్ రాశారు. తల్లుల అజ్ఞానం అనేయడం తేలిక. పని మానితే కూలి లేదు, వెళ్తే బిడ్డను చూసే దిక్కు లేదు. నల్లమందు వేస్తే బిడ్డ సాయంత్రం దాకా పడుకుంటాడు. బొంబాయి ప్రెసిడెన్సీలో ప్రసూతి భత్యం చట్టం 1929 దాకా రానే లేదు.

కేంద్రం ఏటా జరిపే నమూనా నమోదు సర్వే (ఎస్ఆర్ఎస్) ప్రకారం 2023లో దేశంలో శిశు మరణాలు వెయ్యికి 25. గొప్ప మార్పే. కానీ ఈ సర్వే రాష్ట్రాన్ని, పల్లెను, పట్నాన్ని చూపించి ఆగిపోతుంది. హైదరాబాద్ శివార్లలో అపార్ట్‌మెంట్లు కట్టే ఒడిశా కూలీకి రేకుల షెడ్డులో పుట్టిన బిడ్డ ఏ వరుసలోకి వస్తుంది? ఏడాది తిరిగేలోపు ఆ కుటుంబం ఇంకో సైటుకు, లేదంటే సొంతూరికి వెళ్లిపోతుంది. జననం ఒకచోట, మరణం మరోచోట. నూరేళ్ల నాటి చిక్కే.

జనన మరణాల రిజిస్టర్లు కార్పొరేషన్ల చేతిలోనే ఉన్నాయి. ప్రతి శిశు మరణం పక్కన గదులెన్ని, నీళ్లెక్కడివి, తల్లి ఏ పని చేస్తోంది అనే మూడు గడులు చేర్చి, వార్డుల వారీగా ఏటా బయటపెట్టాలి. ముందుగా సైట్ల దగ్గరి షెడ్లతో మొదలుపెట్టాలి. భవనాలకు పర్మిషన్ ఇచ్చేటప్పుడే కూలీలను ఎక్కడ ఉంచుతారో బిల్డర్‌ను అడిగి రాయించుకోవచ్చు.