సవరణ: ముధోల్ హౌండ్, అపార్ట్‌మెంట్

‘ముధోల్ హౌండ్ అనే వేటకుక్క అపార్ట్‌మెంట్‌కు పనికిరాదు’ అని కిందటిసారి రాసిన మాటకు ఈ వివరణ. బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు మనవాళ్లు చాలామంది దీని గురించే అడిగారు.

ఇల్లు చిన్నదైనా ఇబ్బందేం లేదు. కర్ణాటకలోని బాగల్‌కోట్ జిల్లా మైదానాల్లో కంటిచూపుతో కుందేళ్లను తరిమిన జాతి ఇది. తనివితీరా పరిగెత్తాక సోఫా ఎక్కి గంటలకొద్దీ పడుకుంటుంది. చిక్కంతా ఆ పరుగుతోనే. బెల్టు కట్టి రోడ్డు మీద నడిపిస్తే సరిపోదు, చుట్టూ కంచె ఉన్న ఖాళీ జాగా దొరకాలి. బెంగళూరులో అదెంత కష్టమో చెప్పక్కర్లేదు. పార్కింగ్‌లో కారు కింద నుంచి పిల్లి ఉరికిందా, ఇక మీ పిలుపు దాని చెవికెక్కదు. మెడ కంటే తల పెద్ద లావేం కాదు కాబట్టి మామూలు పట్టీలోంచి వెనక్కి లాగి తప్పించుకుంటుంది. లాగితే బిగిసే మార్టింగేల్ పట్టీ వాడండి.

కొత్తవాళ్లతో తొందరగా కలవదు, లిఫ్టులో పక్కింటివాళ్లు నిమరబోతే ముందే వద్దనండి. పొట్టి బొచ్చు, ఒంట్లో కొవ్వు తక్కువ. డిసెంబరు రాత్రుల్లో దుప్పటి కావాలి.

2005లో తపాలా బిళ్ల మీదకెక్కిన జాతని ముచ్చటపడి మాత్రం తెచ్చుకోకండి. ఇంట్లో పిల్లి ఉంటే మరీనూ.