కంప్యూటర్ బీట్ ఒక్కటే హిప్‌హాప్ కాదండీ

హిప్‌హాప్‌లో వాయిద్యాలే ఉండవు, కంప్యూటర్ బీట్ మీద మాటలు గబగబా చెప్పడమే అని రాశారు. రచయిత గారూ, ఒక్కసారి ది రూట్స్ వినండి. 1987లో ఫిలడెల్ఫియాలో ఒకే స్కూల్లో చదివే ఇద్దరు కుర్రాళ్లు మొదలుపెట్టిన బ్యాండ్ అది. క్వెస్ట్‌లవ్ డ్రమ్స్ వాయిస్తే బ్లాక్ థాట్ ర్యాప్ చేస్తాడు. మొదట్లో వీధుల్లో వాయించేవాళ్లు.

వాళ్ల 1999 ఆల్బమ్ 'థింగ్స్ ఫాల్ అపార్ట్' అంటే నాకు ప్రాణం. ఒంగోలులో పినాకిని రైలు ఎక్కగానే పెడితే, నెల్లూరు ముందు పెన్నా వంతెన వచ్చేసరికి దాదాపు అయిపోతుంది. ఫంక్, జాజ్, సోల్ లాంటి సంగీత శైలులన్నీ ఉంటాయి, ఏదీ తెచ్చి అతికించినట్టు ఉండదు.

అందులోని 'యూ గాట్ మీ' పాటే తీసుకోండి, 2000లో గ్రామీ అవార్డు వచ్చింది దానికి. గాయని ఎరికా బాడు గొంతుతో నెమ్మదిగా సాగుతూ సాగుతూ, చివర్లో డ్రమ్స్ ఒక్కసారిగా జోరందుకుంటాయి. మా ఊరి కొలుపుల్లో అమ్మవారు గుడి దగ్గరికి వచ్చేటప్పుడు డప్పులవాళ్లు దరువు మారుస్తారే, అచ్చం అలాగే ఉంటుంది నాకు. ఎన్నిసార్లు విన్నా అక్కడ ఒళ్లు జలదరిస్తుంది. మనిషి చెయ్యి కాబట్టే ఆ ఊపు.

ఆ బ్యాండ్‌లో బేస్ గిటార్ వాయించిన లెనర్డ్ హబ్బర్డ్ 2021లో పోయారు. అప్పటి నుంచి ఏ పాట పెట్టినా నా చెవి ముందు బేస్ వైపే పోతోంది. ఫోన్ స్పీకర్లో మాత్రం వినకండి, బేస్ వినపడదు. మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి.