తృప్తి ఉంటే చాలనే పెద్దమనుషుల జీతం ఎంత?

ఉద్యోగంలో తృప్తి ముఖ్యమా, జీతం ముఖ్యమా అని నన్ను నిలదీసినవాళ్లలో కిరాణా కొట్టు బాకీ గురించి బెంగపడేవాళ్లు ఒక్కరూ ఉన్నట్టు నాకు కనిపించలేదు. పెళ్లిళ్లలో అడుగుతారు, దసరాకు ఊరికి వెళ్తే అడుగుతారు. "బంగారంలాంటి టీచరు ఉద్యోగం మానేసి మందుల కంపెనీలో చేరావట, డబ్బు కోసమేనా బిడ్డా?" అని మా మేనత్త నలుగురిలో అడిగింది. అవును అత్తా, డబ్బు కోసమే. ఈ మాట తలవంచుకుని చెప్పడం ఎప్పుడో మానేశాను. కానీ అంత పొట్టి జవాబుతో నా కడుపుమంట చల్లారడం లేదు కనుక ఈ పోస్టు రాస్తున్నాను. పొడుగ్గా ఉంటుంది, ఓపిక ఉన్నవాళ్లే చదవండి.

నేను నల్లగొండలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివాను. చదువు అయ్యాక మా జిల్లాలో నాలాంటివాళ్లకు కనిపించే దారులు రెండే. ఒకటి ప్రైవేటు బడి, రెండోది విజయవాడ హైవే పక్కన చౌటుప్పల్ దాకా వరుసగా ఉన్న మందుల కంపెనీలు. పాలమూరు వాళ్లకైతే జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్ (ప్రత్యేక ఆర్థిక మండలి). (ఆ సెజ్ కింద భూములు పోయిన రైతుల సంగతి ఇంకో పెద్ద పోస్టు అవుతుంది.) నేను బడినే ఎంచుకున్నాను. ఎవరూ బలవంతపెట్టలేదు, పాఠం చెప్పడం ఇష్టం కాబట్టే వెళ్లాను.

ఆ ఇష్టం అబద్ధం కాదు. పదో తరగతిలో ఆమ్లాలు, క్షారాల పాఠం వచ్చిందంటే మా క్లాసు పండుగలా ఉండేది. సున్నపు తేటలో ఫినాఫ్తలీన్ చుక్క వేయగానే గులాబీ రంగు వస్తుంది. అందులో పిల్లలు తమ తోటల నుంచి తెచ్చిన బత్తాయిల రసం పిండుకుంటూ పోతే ఉన్నట్టుండి రంగు మాయమవుతుంది. వెనక బెంచీ వాళ్లు కూడా లేచి నిలబడేవారు. మర్రిగూడ వైపు నుంచి వచ్చే ఒక పిల్లవాడు, ఫ్లోరైడ్ నీళ్లతో వాళ్ల నానమ్మ నడుము ఎలా వంగిపోయిందో చెప్పి, "మేడం, నీళ్లలోంచి దాన్ని తీసెయ్యలేమా?" అని అడిగాడు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడును తగ్గించే ఒక విధానానికి ప్రపంచమంతా మన నల్లగొండ పేరే పెట్టిందని, అది నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు రూపొందించినదని చెప్పాను. మర్నాడు వాడు సీసాలో బోరు నీళ్లు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. అలాంటి రోజున ఇంటికి నడిచి వెళ్తుంటే కాళ్లు నేల మీద ఆనేవి కావు. తృప్తి అంటే ఏమిటో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

అయితే ఆ బడి యాజమాన్యం ఈ తృప్తిని నాకంటే బాగా లెక్కగట్టింది. చేరినప్పుడు 12 వేలు అన్నారు. సంవత్సరానికి పది నెలలే ఇస్తారని చేరాక తెలిసింది. మే నెలలో జీతం ఉండదు, కానీ పని ఉంటుంది. ఎండలో ఇంటింటికీ తిరిగి అడ్మిషన్లు పట్టుకురావాలి. ఎవరు ఎంతమందిని తెచ్చారో స్టాఫ్ రూములో కాగితం అంటించేవారు. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆఫీసు బీరువాలో ఉండేవి, మధ్యలో మానేస్తే ఇవ్వరు. పీఎఫ్ అనే మాట ఎత్తితే కరస్పాండెంట్ గారి ముఖం మారిపోయేది, "మనమంతా ఒక కుటుంబం కదమ్మా" అనేవారు. ఇరవై మంది, అంతకు మించి పనిచేసే చోట పీఎఫ్ కట్టడం చట్టం. కుటుంబానికి ఆ చట్టం వర్తించదని కాబోలు ఆయన ఉద్దేశం. సెప్టెంబరు 5 వచ్చిందంటే మాత్రం శాలువా, పెన్ను, గురుబ్రహ్మ శ్లోకం. ఆ శాలువాలు ఇంట్లో ఇప్పటికీ ఉన్నాయి, మా అమ్మ వాటితో మిక్సీని, టీవీని కప్పుతుంది.

ఇదంతా ఒక్క బడి పాపం అయితే తిట్టుకుని వదిలేసేదాన్ని. ఉమ్మడి రాష్ట్రంలో 1994లో జీవో నంబర్ 1 వచ్చింది. ప్రైవేటు బడి వసూలు చేసే ఫీజులో 50 శాతం సిబ్బంది జీతాలకు, ఇంకో 15 శాతం గ్రాట్యుటీ, పీఎఫ్, బీమా వంటివాటికి పోవాలి, బడి నిర్వహణ, అభివృద్ధి ఖర్చులు కూడా పోగా యాజమాన్యానికి మిగిలేది 5 శాతం అని అందులో ఉంది. మీ పిల్లల బడి ఫీజు రసీదు తీసుకోండి, తరగతిలో ఎంతమంది ఉన్నారో గుణించండి, సగం చేయండి. తర్వాత ఆ తరగతికి పాఠాలు చెప్పే టీచర్లను జీతం ఎంతో అడిగి చూడండి. ఇక గ్రాట్యుటీ. ఐదేళ్లు నిండిన ఉద్యోగి మానేసేటప్పుడు, చేసిన ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున ఇవ్వాలని 1972లోనే చట్టం వచ్చింది. ప్రైవేటు టీచర్లూ అందులోకి వస్తారని 2009లో సవరణ చేస్తే, బడుల యాజమాన్యాలు కోర్టుకెక్కాయి. 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు టీచర్ల పక్షానే తీర్పు చెప్పింది. గురువు దైవంతో సమానమనే శ్లోకం చదివినవాళ్లే ఆ గురువుకు 15 రోజుల జీతం ఇవ్వాల్సి వస్తే సుప్రీంకోర్టు దాకా వెళ్లారు.

2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. మొదట సగం జీతం, తర్వాత ఆన్‌లైన్ క్లాసులు చెప్పిన ఒకరిద్దరికి కొంత, మిగిలినవాళ్లకు సున్నా. మా తెలుగు సారు ఉపాధి హామీ పనికి వెళ్లారు. లెక్కల మేడం ఇంటి ముందు కూరగాయల బండి పెట్టింది. ఆమె తూకం వేస్తుంటే ఆమె దగ్గర చదివిన పిల్లల తల్లిదండ్రులే బేరమాడేవారు, అది వేరే సంగతి. 2021 ఏప్రిల్లో రాష్ట్ర ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించింది. ఆ బియ్యం కోసం వరుసలో నిలబడ్డవాళ్లలో పోస్ట్ గ్రాడ్యుయేట్లు ఉన్నారు, ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లు ఉన్నారు. అందరూ తమ పనిని ప్రేమించినవాళ్లే. వాళ్ల తృప్తికి ఆ రోజు రేషన్ డీలరు దగ్గర ఏ విలువా లేదు.

నేను ఆ ఏడాదే కంపెనీలో చేరాను.

ఈ వాదనలో పడినప్పుడల్లా కొంచెం చదువుకున్నవాళ్లు ఒక పరిశోధన తీసుకొస్తారు: డబ్బు ఒక స్థాయి దాటాక సంతోషాన్ని పెంచదని అమెరికాలో తేల్చారట. నిజమే, 2010లో డేనియల్ కానెమన్, ఆంగస్ డీటన్ అలాంటిదే రాశారు. ఇద్దరూ నోబెల్ అందుకున్నవాళ్లే. కానీ వాళ్లు చెప్పిన ఆ గీత ఎక్కడుందో కూడా చెప్పాలి కదా! కుటుంబానికి ఏడాదికి 75,000 డాలర్లు. అప్పటి మారకం ప్రకారం చూసినా 30 లక్షల పైమాటే. నెలకు 12 వేలు, అదీ పది నెలలు తీసుకునే మనిషికి ఆ గీత చూపించి సరిపెట్టుకోమంటే ఏమనాలి? పైగా 2023లో కానెమన్ ఇంకో ఇద్దరితో కలిసి మళ్లీ లెక్కలు చూశారు. చాలామందిలో ఆదాయం పెరిగేకొద్దీ సంతోషం ఆ గీత దాటాక కూడా పెరుగుతూనే ఉందని, బాగా దిగులులో ఉన్న కొద్దిమందిలోనే ఆగుతోందని తేలింది. ఆ రెండో సంగతి ఏ వ్యక్తిత్వ వికాస ఉపన్యాసంలోనూ నేను వినలేదు.

మా ల్యాబులో నా పక్క బల్ల దగ్గర పనిచేసే అబ్బాయిది పుట్టపాక. తేలియా రుమాలు నేసే ఊరు, 2020లో ఆ నేతకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. వాళ్ల నాన్న మగ్గం ముందు కూర్చుంటే అన్నం సంగతి కూడా మరచిపోతాడట. చూడడానికి నగరం నుంచి వచ్చినవాళ్లు ఫొటోలు తీసుకుని "ఎంత గొప్ప కళ, దీన్ని వదలొద్దు" అని చెప్పి, ధర దగ్గర మాత్రం గీచిగీచి బేరమాడి వెళ్తారట. కొడుకు మగ్గం వదిలి మా దగ్గర బీకర్లు పట్టుకున్నాడు. అతన్ని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. ఆ నేతలోనే ఆసు పోయడం అనే పని ఒకటి ఉంటుంది. పోగును మేకుల చుట్టూ చేత్తో వేల సార్లు అటూ ఇటూ తిప్పాలి, ఎక్కువగా ఆడవాళ్లే చేస్తారు. ఆలేరు దగ్గరి చింతకింది మల్లేశం తల్లి భుజాల నొప్పి చూడలేక ఆసు యంత్రం కనిపెట్టాడు, 2017లో పద్మశ్రీ వచ్చింది. చేతిపనిలోని ఆనందం గురించి ఆయన తల్లికి ఉపదేశం చేసి ఊరుకోలేదు.

పాలమూరు కూలీలను ఎవరైనా తృప్తి గురించి అడిగారా? 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ రాతి ఆనకట్ట. యంత్రాలకంటే మనుషుల భుజాలే ఎక్కువగా కట్టాయి దాన్ని. పాలమూరు నుంచి గుంపులు గుంపులుగా వెళ్లి దేశమంతా ఆనకట్టలు కట్టినవాళ్ల సొంత చేలు మాత్రం వాన కోసం ఆకాశం వైపు చూశాయి. అడ్వాన్సు తీసుకుని బొంబాయి బస్సెక్కిన మనిషి దగ్గర ఈ ప్రశ్న ఎవరూ ఎత్తరు, ఎత్తితే సిగ్గుచేటని అందరికీ తెలుసు. అదే పుస్తకం పట్టుకున్న మనిషి దగ్గర, సూది మందు వేసే నర్సు దగ్గర, ఇల్లిల్లూ తిరిగే ఆశా కార్యకర్త దగ్గర మాత్రం సేవ, తృప్తి అని ధైర్యంగా మొదలుపెడతారు.

కంపెనీ స్వర్గమని చెప్పడం లేదు. మూడు షిఫ్టులు. రాత్రి షిఫ్టు వారంలో ఒళ్లు నా మాట వినదు. ద్రావణుల వాసన జుట్టులోంచి ఒక పట్టాన పోదు. చుట్టుపక్కల ఊళ్ల బోర్లలో నీళ్లు ఏమయ్యాయో ఆ ఊళ్లవాళ్లను అడిగితే చెబుతారు, జీతం తీసుకుంటున్నాను కదా అని దాన్ని నేను దాచను. కానీ ఒకటో తారీఖున బ్యాంకులో జీతం పడుతుంది, మే నెలలో కూడా. జీతం చీటీ మీద పీఎఫ్ నా వాటా 12 శాతం, వాళ్ల వాటా 12 శాతం అచ్చయి ఉంటుంది. అమ్మ కంటిలో శుక్లాలకు ఆపరేషన్ చేయించినప్పుడు ఎవరి దగ్గరా చేబదులు తీసుకోలేదు. చెల్లి నర్సింగ్ ఫీజు గడువుకు ముందే కట్టాను. ఇక పనిలో తృప్తి లేదా అంటే, హెచ్‌పీఎల్‌సీ (మందులో కలిసి ఉన్న రసాయనాలను విడదీసి గ్రాఫులో చూపే యంత్రం) మీద మూడు రోజులు సతాయించిన నమూనాలో మలినం తాలూకు పీక్ విడిగా, సన్నగా, నిటారుగా లేచి నిలబడినప్పుడు వచ్చే ఆనందం ఆ గులాబీ రంగుకు తీసిపోదు. జీతం బాగుంటే పని చేదవుతుందని, జీతం తక్కువైతే పని పవిత్రమవుతుందని ఎవరు కనిపెట్టారో గానీ, వాళ్లు కచ్చితంగా జీతాలు ఇచ్చేవాళ్లే అయి ఉంటారు.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా నా ఇంట్లోనే ఉంది. మా చిన్నాయన కొడుకు ఇంకో కంపెనీ ప్రొడక్షన్ బ్లాకులో నాకంటే ఎక్కువ జీతానికి చేసేవాడు. పోయినేడు మానేసి, దేవరకొండ దారిలో మొక్కల నర్సరీ పెట్టుకున్నాడు, ఇప్పుడు సగం కూడా రావడం లేదు. ఇంట్లో అందరూ తిట్టారు, నేను తిట్టలేదు. వాడు అప్పులు తీర్చుకుని, ఏడాది ఖర్చు బ్యాంకులో పెట్టుకుని దిగాడు. తృప్తి కోసం తక్కువ రాబడితో బతకాలని వాడే లెక్క వేసుకున్నాడు. నాకు తేడా అక్కడే ఉంది. నా ఇష్టం కోసం జీతం తగ్గించుకునే హక్కు నాది. నా ఇష్టాన్ని చూపించి జీతం తగ్గించే హక్కు ఇంకొకరికి లేదు.

ఈ జూన్‌లో చేరబోయే చెల్లెళ్లు, తమ్ముళ్లు ఇంటర్వ్యూలో మొహమాటపడకండి. పన్నెండు నెలల జీతమా, పది నెలలదా అడగండి. బ్యాంకులో వేస్తారా, చేతికిస్తారా అడగండి. పీఎఫ్ ఉందా అడగండి. సర్టిఫికెట్ల జిరాక్సులే ఇస్తామని చెప్పండి. డబ్బు మనిషి అంటారు, అననివ్వండి.

మొన్న మా ఊరి దగ్గరి బడి ఒకటి ఫిజికల్ సైన్స్ చెప్పడానికి వస్తావా అని కబురు పంపింది. వస్తాను, ఇప్పటి జీతంలో మూడో వంతు తగ్గినా పరవాలేదు, కానీ పన్నెండు నెలల జీతం, పీఎఫ్, గ్రాట్యుటీ కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇవ్వాలి అన్నాను. "చూసి చెబుతాం మేడం" అన్నారు. ఇంకా చూస్తూనే ఉన్నట్టున్నారు.