ముక్క కోయబోతే తానే పాయె

మా బాపు నలభై ఏళ్లుగా హనుమకొండ చౌరస్తా వెనక సందులో బట్టలు కత్తిరిస్తున్నాడు. నేను కత్తిరించబోయింది ఒకే ఒక్క గెలాక్సీ. అది కూడా సంక్రాంతి ముందు, ఇల్లంతా సకినాల హడావుడిలో ఉన్నప్పుడు.

నేను ఒక డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. సెలవులిచ్చే ముందు రోజు పిల్లలకు రేడియో ఖగోళం గురించి గంటసేపు చెప్తానని ఒప్పుకున్నాను. నాలుగు రంగు బొమ్మలు చూపించి బయటపడొచ్చు. కానీ అసలు డేటానే చూపిద్దామని బుద్ధి పుట్టింది. ఎవరూ అడగలేదు.

డేటా అంటే క్యూబ్. గెలాక్సీలోని హైడ్రోజన్ 21 సెంటీమీటర్ల రేడియో తరంగాన్ని పంపుతుంది, అంటే 1420.4 మెగాహెర్ట్జ్. గెలాక్సీ తిరుగుతుంటుంది కాబట్టి మనవైపు వచ్చే పక్క ఫ్రీక్వెన్సీ కొంచెం ఎక్కువగా, దూరం పోయే పక్క కొంచెం తక్కువగా కనిపిస్తుంది. అందుకని ఒక్కో ఫ్రీక్వెన్సీకి ఒక్కో బొమ్మ తీసి, ఒకదాని మీద ఒకటి పేరుస్తారు. నాకు దొరికిన క్యూబ్‌లో అలాంటి బొమ్మలు వంద. ఒక్కో బొమ్మ 2048 అడ్డం, 2048 నిలువు పిక్సెళ్లు. మొత్తం దగ్గర దగ్గర 1.7 జీబీ. నా ఫోన్‌లో రోజుకు 1.5 జీబీ. కొంత నా ఫోన్ మీద, మిగిలింది మా ఆవిడ ఫోన్ మీద దింపేసరికి రెండు రాత్రులు పట్టింది. ఆమె సీరియల్ రెండు ఎపిసోడ్లు పోయాయి. ఆ లెక్క ఇంకా తేలలేదు.

బాపుకు ఇదంతా చెప్తే ఒక్క ముక్కలో తేల్చేశాడు. "వంద మడతలు ఒకదాని మీద ఒకటేసిన బట్ట. నడుమల బిట్టు కోస్తానవ్. గంతేనా?"

గంతే.

అంత క్యూబ్‌ను మా కాలేజీ కంప్యూటర్ మోయలేదు. నడిమి భాగం కోసి తీసుకుపోవాలి. దానికి ఇమ్‌కాపీ అని చిన్న ప్రోగ్రాం ఉంది. ఖగోళ డేటా ఫైళ్లు చదవడానికి, రాయడానికి నాసా వాళ్లు చేసిన సీఫిట్స్‌ఐఓ లైబ్రరీతో పాటు వస్తుంది. దీని సొగసేమిటంటే, కోత కొలతల్ని ఫైలు పేరు పక్కనే చదరపు బ్రాకెట్లలో రాస్తే చాలు. వేరే కిటికీ తెరవక్కర్లేదు, మౌస్ పట్టుకోనక్కర్లేదు. అసలు పేరు, కొలతలు, కొత్త పేరు, ఎంటర్.

హాల్లో అమ్మ తెల్లబట్ట పరిచి, చుట్టుపక్కల ఆడవాళ్లతో కలిసి సకినాలు చుట్టడం మొదలుపెట్టింది. ముందు పిండితో గౌరమ్మను చేసి పెట్టారు. తడిపిన బియ్యప్పిండి, నువ్వులు, వాము. అమ్మ వేళ్ల మధ్య నుంచి పిండి సన్నని తాడులా జారుతుంటే, చుట్టు మీద చుట్టు, లెక్కపెట్టి నాలుగు చుట్లు. నేను గోడ పక్కన లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, కాళ్లు ముడుచుకుని కూర్చున్నాను. కాలు చాపితే సకినం.

మొదటి కోత పడనే లేదు. క్యూబ్ కొలతలు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో చూసి, అదే వరసలో రాశాను. పైథాన్ బొమ్మల సంఖ్యను ముందే చెప్పి, చివరన అడ్డం కొలత చెప్తుంది. ఇమ్‌కాపీకి మొదట అడ్డం, తర్వాత నిలువు, ఆ తర్వాతే బొమ్మ నంబరు. పైగా పైథాన్ సున్నా నుంచి లెక్కపెడుతుంది, ఇది ఒకటి నుంచి. వంద బొమ్మల్లో 800 నుంచి 1200 దాకా కొయ్యమని అడిగానన్నమాట. నీ దగ్గర అన్ని లేవు పో అంది.

రెండోసారి వరస సరిచేసి, చూద్దాంలే అని అడ్డానికీ నిలువుకూ 1 నుంచి 400 రాశాను. కోత పడింది. తెరిస్తే ఏమీ లేదు, గోధుమ రవ్వ పరిచినట్టు చుక్కలు. ఒకటో పిక్సెల్ ఉండేది మూలన. గెలాక్సీ నడుమ ఉంటే నేను మూలన ఉన్న ఖాళీ ఆకాశం కోశాను.

మూడోసారి అన్నీ కుదిరాయి: [800:1200,800:1200,30:60,1:1]. చివరి ఆ ఒకటి ఎందుకంటే, రేడియో క్యూబ్‌లకు తరచూ నాలుగో కొలత కూడా ఉంటుంది. దాని పొడవు ఒకటే అయినా పెళ్లిలో మేనమామలా దాన్నీ పిలవాల్సిందే. కానీ ఈసారి, ఆ పేరుతో ముక్క ఇప్పటికే ఉంది కాబట్టి రాయను అంది. పాతదాని మీదే రాయాలంటే కొత్త పేరు ముందు ఆశ్చర్యార్థకం పెట్టాలి. పెట్టాను. జంట కొటేషన్లలో పెట్టాను. ఆ గుర్తు చూడగానే టెర్మినల్, అంటే కమాండ్లు కొట్టే తెర, మనం ఇదివరకు కొట్టిన కమాండ్లలో ఏదో వెతకమన్నామనుకుని, అలాంటిది దొరకలేదని మొరాయించింది. ఒంటి కొటేషన్ కావాలట.

బాణం పైకి నొక్కి పాత వాక్యం తెచ్చుకుని కొటేషన్లు మారుస్తున్నాను. సరిగ్గా అప్పుడే అమ్మ, "ఓ కొడుకా, గా అట్లకాడ ఇటియ్యి" అంది. ఒక చేత్తో అట్లకాడ అందిస్తూ, రెండో చేత్తో చెరుపుతూ, కొత్త పేరు చివర 'ముక్క' అనే మాటను కూడా చెరిపేశాను. ఇక మిగిలింది అసలు ఫైలు పేరు. దాని ముందు ఆశ్చర్యార్థకం.

ఎంటర్.

పాపం, ఒక్క ప్రశ్న అడగలేదు. చెప్పింది చెప్పినట్టు చేసింది. ముక్క కోసి చేత్తో పట్టుకుంది, తానును అవతల పారేసింది, ముక్కకు తాను పేరు పెట్టింది. 1.7 జీబీ ఉండాల్సిన చోట 20 ఎంబీ. తెరిచి చూస్తే గెలాక్సీ ఉంది, కానీ 30 నుంచి 60 సరిపోలేదు. ఒక పక్క అంచు బయటే ఉండిపోయింది. ఇంకో పది బొమ్మలు అటూ ఇటూ తీసుకోవాలి. ఎక్కడి నుంచి తీసుకోను?

బాపు భోజనానికి వచ్చి నా మొఖం చూసి విషయం రాబట్టాడు. "అసలు బట్ట మీద ఎవడన్న కత్తెర పెడ్తడారా? ముందుగాల పాత పేపర్ మీద కోసుకోవాలె. గిరాకీ బట్ట అంటే దేవుని బట్ట లెక్క. పక్కకు పెట్టి తాళం ఎయ్యాలె." ఇరవై నిమిషాలు. చారు చల్లారింది.

మళ్లీ దింపడం మొదలుపెట్టాను. ఫోన్ మారినప్పుడల్లా మొదటి నుంచి రాకుండా, ఆగిన చోటు నుంచి కొనసాగించమని చెప్పడం నాకు అలవాటు. ఈసారీ అలాగే చెప్పాను. ఇంకో రెండు రాత్రులు. ఈసారి అమ్మ ఫోన్ కూడా కలిసింది. చివరికి సైజు చూస్తే అక్షరాలా సరిపోయింది, ఒక్క బైటు తేడా లేదు. సంతోషంగా తెరిచాను.

401 అడ్డం, 401 నిలువు, 31 బొమ్మలు.

అర్థం కావడానికి ఒక టీ పట్టింది. ఆ పేరుతో నా దగ్గర 20 ఎంబీ ముక్క ఉంది కదా. దింపే ప్రోగ్రాం దాన్ని సగంలో ఆగిన అసలు ఫైలు అనుకుని, మొదటి 20 ఎంబీ వచ్చేసిందిలే అని, ఆ తర్వాత నుంచి తెచ్చి తోకగా అతికించింది. మెడ నుంచి రెండో గుండీ దాకా నా చొక్కా, అక్కడి నుంచి కింద వేరేవాడి లాల్చీ.

మర్నాడు కాలేజీలో ఆ 31 బొమ్మలతోనే కానిచ్చాను. ముందు బెంచీ అమ్మాయి ఒకతి, "సార్, గెలాక్సీ ఒక దిక్కు కొరికినట్టు ఉందేంది?" అంది. ఈ తరం పిల్లలకు చూపు ఎక్కువ.

ఇంటికి వచ్చేసరికి హాల్లో చప్పుడు లేదు. సకినాలన్నీ డబ్బాల్లోకి ఎక్కాయి. ఖాళీ తెల్లబట్ట మీద బాపు మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు, మెడలో టేపు. బట్ట నిండా గుండ్రటి పిండి మరకలు, అక్కడక్కడ అంటుకున్న నువ్వులు. అమ్మ వంటింట్లో గిన్నెలు అవసరమైన దానికన్నా గట్టిగా తోముతోంది.

"బీరువాల తెల్లగ మడత పెట్టి ఉంటే ఇంట్ల బట్టనే అనుకున్న" అని అక్కడి నుంచే అంది. "తాళం ఎవలు ఎయ్యలే?"

బాపు తల ఎత్తలేదు. పండుగ పొద్దుటికి ఇవ్వాల్సిన గిరాకీ బట్ట, మూడు మీటర్లు. మరక లేని చోట రెండుంపావు మీటర్లు దొరికితే చొక్కా ఒకటి గట్టెక్కుతుంది. సుద్దతో ఒక గీత గీశాడు, చెరిపాడు, ఇంకో మూల నుంచి కొలిచాడు.

"ఈ మరక కాడికెంచి ఆ మరక దాక ఎంతుందో జర చెప్పురా" అన్నాడు.

టేపు రెండో కొస పట్టుకున్నాను. "ముందు పేపర్ మీద కోసుకుందామా బాపూ?"

బాపు నన్ను చూసిన చూపు ఇక్కడ రాయడం కుదరదు. ఇంతలో సందులో బండి ఆగిన చప్పుడైంది. "అన్నా, చొక్కా అయిందా?" అని ఎవరో పిలిచారు.