చచ్చినోడి సంతకం

రూలంటే రూలే. అనుమతి లేకుండా కాలనీల్లో సినిమా తీశాడని ఫ్రెంచి దర్శకుడు రెనే వోతియేకి ఏడాది జైలు వేయడం అన్యాయమని ఇప్పటికీ వాపోయేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. పర్మిషన్ తీసుకున్నాడా? లేదు. మరింకేం? శంఖంలో పోస్తేనే కదా తీర్థం.

1949లో ఇరవై ఒక్కేళ్ళ వోతియే సినిమా చదువు ముగించి అప్పుడే బయటికొచ్చాడు. ఫ్రాన్స్‌లో చదువుల కోసం పనిచేసే ఒక సంఘం పిలిచి, పశ్చిమ ఆఫ్రికాలో మన కాలనీల జనం ఎలా బతుకుతున్నారో తీసుకురా బాబూ, బళ్ళో పిల్లలకి చూపిద్దాం అంది. పచ్చటి చెట్లూ, నెత్తిన కుండలతో ఆడవాళ్ళూ, నవ్వే పిల్లలూ తీసుకొస్తే పోయేది కదా! ఈయన తగలబడ్డ ఊళ్ళు తీశాడు. 17 నిమిషాల 'ఆఫ్రిక్ 50'.

కాలనీల్లో కెమెరా తిప్పాలంటే దొరల అనుమతి ఉండాలని 1934లోనే పియేర్ లవాల్ సంతకం పెట్టిన ప్రభుత్వ ఉత్తర్వు ఉంది. ఎవరీ లవాల్? తర్వాత హిట్లర్‌తో చేతులు కలిపిన పెద్దమనిషి. 1945 అక్టోబరులో దేశద్రోహి అని ఫ్రాన్సే కాల్చి చంపింది. మనిషిని పాతిపెట్టారు గానీ సంతకాన్ని పాతిపెట్టడం మర్చిపోయారు. ఇక కేసు చూడండి. ఇటు పక్క, నాజీల మీద పోరాడి పదహారేళ్ళకే యుద్ధ పతకం తెచ్చుకున్న కుర్రాడు. అటు పక్క, గుండు దెబ్బతో ఎప్పుడో పోయిన లవాల్. గెలిచింది లవాల్! బతికుండగా తన కేసు తనే గెలవలేనివాడు చచ్చాక ఎంత బాగా వాదించాడు!

ఆ 17 నిమిషాల్లో ఏముందో తెలుసా? పన్ను బాకీ పడిందని సైన్యం విరుచుకుపడిన ఊరుంది. ఫ్రెంచి తూటాకి తల పగిలిన ఏడు నెలల పసిగుడ్డు సంగతి ఉంది. ఆ తూటాకి ఎవడు పర్మిషన్ ఇచ్చాడురా అని ఏ కోర్టూ అడగలేదు. తుపాకీకి అక్కర్లేని కాగితం కెమెరాకి కావాల్సి వచ్చింది. సిగ్గు లేని జన్మలు!

ఈయనకీ బుద్ధి రాలేదు లెండి. ఫ్రాన్స్ మీద అల్జీరియా చేసిన స్వాతంత్ర్య పోరాటం తీయడానికెళ్ళి తలలో కెమెరా ముక్క దిగబెట్టుకున్నాడు. ఎవరి పక్షాన నిలిచాడో ఆ తిరుగుబాటుదారులే రెండేళ్ళకు పైగా లోపలేశారు. (రూల్స్ పిచ్చోళ్ళు ఒక్క ఫ్రాన్స్‌లోనే పుట్టరు.) అయినా 1962లో అల్జీర్స్‌లోనే కూర్చుని అక్కడి కుర్రాళ్ళకి కెమెరా పట్టుకోవడం నేర్పాడు. 1973లో ఇంకో విడ్డూరం. 1961లో పారిస్ పోలీసులు అల్జీరియన్లని చంపిన ఘోరం మీద జాక్ పానిజెల్ తీసిన సినిమాకి సెన్సారు అడ్డుపడితే, వోతియే 31 రోజులు పస్తున్నాడు. సినిమా తనది కూడా కాదు!

నలభై ఏళ్ళు దాటాక, 1990ల్లో, ఫ్రెంచి విదేశాంగ శాఖే 'ఆఫ్రిక్ 50' కాపీ తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. ఈసారి లవాల్ అభ్యంతరం చెప్పలేదు.