మా వైపు ఎవరికీ లేదండీ

డాక్టరు గారు "మీ ఇళ్ళలో ఇంతకుముందు ఎవరికైనా ఉందా?" అని అడిగీ అడగకముందే, గదిలో ఉన్న పెద్దావిడ "మా వైపు ఎవరికీ లేదండీ" అనేస్తుంది. అని ఊరుకోదు, ఓరగా కోడలి వైపు చూస్తుంది. ఆ చూపుతో రోగనిర్ధారణ పూర్తయినట్టే. ఆ తర్వాత చేసే రక్తపరీక్షలూ స్కానింగులూ ఇన్సూరెన్సు వాళ్ళ తృప్తి కోసం.

దీన్ని మూఢత్వమని కొట్టిపారేసే మేధావులున్నారు. నేను వాళ్ళ జట్టు కాదు. తెలుగింటి వంశశాస్త్రానికి పక్కా సూత్రాలున్నాయి. పిల్లాడికి లెక్కలొస్తే తాతగారి పోలిక. రంగు తేలితే మేనత్త పోలిక. మొండితనం, ఆయాసం, సోడాబుడ్డి కళ్ళద్దాలు మాత్రం అటు నుంచి వచ్చినవి. ఈ 'అటు' ఎటు అన్నది మాట్లాడేవాళ్ళను బట్టి మారుతుంది, అంతే తప్ప ఈ శాస్త్రంలో ఇంకే సందిగ్ధమూ లేదు. మెండెల్ అనే సన్యాసి 1856 నుంచి 8 ఏళ్ళు బఠాణీ మొక్కలు పెంచి తేల్చినదాన్ని మనవాళ్ళు బారసాల నాడు ఉయ్యాల పక్కన నిలబడి, చేతిలో పాయసం గిన్నె ఉండగానే తేల్చేస్తారు.

ఇంతటి శాస్త్రానికి 2012లో ఐస్‌లాండ్ నుంచి దెబ్బ తగిలింది. అక్కడి శాస్త్రవేత్తలు తల్లి, తండ్రి, బిడ్డ చొప్పున 78 జట్ల డీఎన్ఏను, అంటే వంశం నుంచి వచ్చే సమాచారం రసాయన అక్షరాల్లో రాసి ఉన్న పోగును, మొత్తం చదివారు. అమ్మలోనూ లేకుండా నాన్నలోనూ లేకుండా బిడ్డలో మాత్రమే కనిపించే అక్షరాలు ఎన్నున్నాయో లెక్కపెట్టారు. సగటున 60 పైచిలుకు తేలాయి. అటూ కాదు, ఇటూ కాదు, సరికొత్త మ్యుటేషన్లు. అక్కడితో ఆగినా బాగుండేది. ఎవరి వాటా ఎంతో కూడా పంచి చూపించారు. తల్లి నుంచి వచ్చేవి 15 దాకా. తండ్రికి 20 ఏళ్ళుంటే ఆయన నుంచి 25 దాకా, 40 ఏళ్ళుంటే 65 దాకా. తండ్రి వయసు ఒక ఏడాది పెరిగితే తప్పులు రెండు పెరుగుతాయన్నమాట.

కారణం వింటే ఇంకా అవమానంగా ఉంటుంది. ఆడపిల్ల తన తల్లి కడుపులో ఉండగానే ఆమె అండాలకు కావలసిన కణవిభజనలు దాదాపుగా ముగిసిపోతాయి. మగవాడిలో వీర్యకణాలను పుట్టించే మూలకణాలు మాత్రం యుక్తవయసు నుంచి సుమారు 16 రోజులకోసారి విడిపోతూనే ఉంటాయి. విడిపోయిన ప్రతిసారీ 600 కోట్ల అక్షరాలకు నకలు రాయాలి. రాసేకొద్దీ తప్పులు పడతాయి.

ఇక్కడ మన పెళ్ళిళ్ళ మార్కెట్టును ఒకసారి చూడండి. అబ్బాయికి ప్రమోషన్ రావాలి, గచ్చిబౌలిలో ఫ్లాటు రిజిస్ట్రేషన్ అవ్వాలి, వీసా స్టాంపింగ్ అవ్వాలి, చెల్లెలి పెళ్ళి అవ్వాలి. ఇవన్నీ అయ్యేసరికి అతనికి 36. ఆలస్యమైనకొద్దీ కట్నం చక్రవడ్డీతో పెరిగిందని ఇంట్లో సంతోషం. ఇంకో ఖాతాలో ఏడాదికి రెండు అక్షరాల చొప్పున బారువడ్డీ కూడా పడుతోందని ఎవరూ చెప్పరు. అమ్మాయికి 27 దాటితే మాత్రం "వయసు మీరిపోయింది, పిల్లలు సరిగ్గా పుడతారో లేదో" అని పెళ్ళిచూపుల్లోనే అనేస్తారు. తల్లి వయసు పెరిగితే క్రోమోజోముల లెక్క తప్పే ప్రమాదం పెరుగుతుంది, నిజమే. ఆ నిజం అందరికీ కంఠతా వచ్చింది. తండ్రి సంగతి మాత్రం ఎందుకో ఎవరి నోటికీ అంటుకోలేదు.

టెన్షన్ పడేవాళ్ళకు ఒక మాట. ఈ 60 పైచిలుకు మ్యుటేషన్లలో చాలా భాగం ఏ ప్రొటీనుకూ సంబంధం లేని చోట పడి, ఏమీ చేయకుండా ఉండిపోతాయి. ఎప్పుడో ఒకటి పడకూడని చోట పడుతుంది. ఎకాండ్రోప్లేసియా అనే పొట్టితనాన్నే తీసుకోండి. ఎఫ్‌జీఎఫ్‌ఆర్3 అనే జన్యువులో ఒక్క అక్షరం మారితే చేతులూ కాళ్ళూ పొడవు పెరగవు. అలా పుట్టిన పిల్లల్లో అయిదింట నలుగురి తల్లిదండ్రులు మామూలు ఎత్తువాళ్ళే. కొత్తగా వచ్చే ఆ మార్పు దాదాపు ఎప్పుడూ తండ్రి వైపు నుంచే వస్తుంది. కడసారపు పిల్లల్లో ఇది ఎక్కువని వైన్‌బర్గ్ అనే జర్మన్ డాక్టరు 1912లోనే గమనించాడు. అంటే ఇక్కడ "మా వైపు ఎవరికీ లేదండీ" అన్న మాట అక్షరాలా నిజం. ఇటువైపూ లేదు, అటువైపూ లేదు. మాటకు సైన్సు మద్దతు దొరికింది. ఓరచూపుకే దొరకలేదు.

ఇలా పరువు పోగొట్టుకుని కూర్చున్న పెద్దలకు ఊరట ఇచ్చే భాగం ఒకటుంది, తప్పులు దిద్దే విధానం. డీఎన్ఏ నకలు రాసే ఎంజైము మొదట లక్ష అక్షరాలకు ఒకటి చొప్పున తప్పు రాస్తుంది. అక్కడికక్కడే వెనక్కి తిరిగి చూసుకుని చాలావరకు దిద్దుకుంటుంది. అదీ దాటిపోయినవాటిని పట్టడానికి వెనకాలే ఇంకో దళం వస్తుంది. చివరికి మిగిలేది వంద కోట్ల అక్షరాలకు సుమారు ఒకటి.

ఈ వెనకాల వచ్చే దళానికి ఒక చిక్కుంది. డీఎన్ఏలో ఎదురెదురుగా రెండు పోగులుంటాయి, నకలు రాశాక ఒకటి పాతది, ఒకటి కొత్తది. వాటిలో అక్షరాలు జత కుదరలేదు, సరే. తప్పు దేనిది? పాతదానిదా, కొత్తదానిదా? పాల్ మోడ్రిచ్ అనే శాస్త్రవేత్త బ్యాక్టీరియాలో దీని గుట్టు విప్పి 2015లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు. పాత పోగు మీద అక్కడక్కడ మెథైల్ అనే రసాయనపు ముద్రలుంటాయి. కొత్త పోగు మీద ఇంకా ముద్ర పడి ఉండదు. దళం వచ్చి ముద్ర ఉన్నది ఒప్పు, లేనిది తప్పు అని తీర్పు చెప్పి కొత్తదాన్ని కత్తిరిస్తుంది. మన కణాల్లో ముద్రలకు బదులు కొత్త పోగులోని గాట్లు చూసి గుర్తుపడతారు, సూత్రం మాత్రం అదే. పెద్దలు చెప్పిందే రైటు. నిన్నగాక మొన్న వచ్చినవాడు నోరు మూసుకోవాలి. మన ఉమ్మడి కుటుంబాలు కూడా నడిచింది దీని మీదే కదా! ఈ మాట వినగానే మా వీధి అరుగు మీది పెద్దలు నోబెల్ కమిటీని మనస్ఫూర్తిగా ఆశీర్వదించారు.

ఆ తర్వాతి వాక్యం వాళ్ళకు చదివి వినిపించే ధైర్యం నాకు లేక ఇక్కడ రాస్తున్నాను. ఆ కాస్త గడువులో తప్పు దొరక్కపోతే, కణం ఇంకోసారి విడిపోతుంది. అప్పుడు తప్పు అక్షరానికి ఎదురుగా దానికి సరిపోయే జత అక్షరమే వచ్చి కూర్చుంటుంది. రెండు పోగులూ ఒకేమాట చెబుతాయి. ఇక ఏ దళం వచ్చి చూసినా అక్కడ తప్పు కనిపించదు. పైగా ఎవరైనా కొత్త నకలులో అసలు అక్షరం రాస్తే దాన్నే తప్పని కొట్టేస్తుంది. ఒక్క తరం దాటిన తప్పును ఆచారమని మనం ఊరికే అంటున్నామా?

నకలు రాయడంలో పడే తప్పులు కాక కొనితెచ్చుకునేవి వేరే. శ్రీకాకుళం తీరంలో కొందరు అవ్వలు చుట్టను నిప్పున్న కొస నోట్లోకి పెట్టి పీలుస్తారు. అడ్డపొగ అంటారు. ఆ వేడీ పొగా నేరుగా అంగిటికి తగులుతాయి, అక్కడ క్యాన్సర్ వస్తుంది. పొగలోని రసాయనాలు డీఎన్ఏ అక్షరాలకు అతుక్కుంటే కణం ఆ చోటికి రెండు వైపులా కోసి, 30 అక్షరాల దాకా ఉన్న ముక్కను తీసేసి, ఎదుటి పోగు చూసి మళ్ళీ రాసుకుంటుంది. మోడ్రిచ్‌తో పాటు నోబెల్ అందుకున్న అజీజ్ సంజార్ తేల్చింది ఈ కోత సంగతే. పొగా ఎండా ఏమీ లేకపోయినా, ఒంట్లోని నీటి వల్లే ఒక్కో కణంలో రోజూ వేల అక్షరాలు ఊడిపోతుంటాయని మూడో భాగస్వామి తోమస్ లిందాల్ చెప్పాడు. వాటినీ ఎప్పటికప్పుడు దిద్దుకుంటూ పోతుంది. ఇంత చాకిరీ జరిగితే చివరికి పేరు ఎవరికి? "మా నాయనమ్మ తొంభై ఏళ్ళు చుట్ట కాల్చింది, ఏమైంది? మా వంశమే గట్టిది."

దిద్దలేనంతగా చెడిపోతే ఏం చేస్తుంది అన్న చోట మాత్రం కణానికీ మనకూ పద్ధతి కుదరలేదు. పీ53 అనే ప్రొటీను ముందు విభజన ఆపిస్తుంది. ఇక లాభం లేదంటే ఆ కణం తన ప్రాణం తానే తీసుకుంటుంది. పరువు కోసం మనవాళ్ళు ఎవరి ప్రాణం తీస్తారో పేపర్లో చదువుతూనే ఉన్నాం.

ఇక మేనరికాలు. జన్యు డాక్టరు దగ్గరికి వెళితే ముందు తెల్లకాగితం మీద వంశవృక్షం గీస్తారు. మగవాళ్ళకు చతురస్రం, ఆడవాళ్ళకు వృత్తం, పెళ్ళికి వాటి మధ్య ఒక గీత. మేనరికమైతే రెండు గీతలు. "చూశారా, మాది డబల్ సంబంధం" అని మురిసిపోయే మామగార్లుంటారు. మనలో జన్యువులు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున రెండేసి కాపీలుంటాయి. ప్రతి మనిషీ రెండో కాపీ బాగుండటం వల్ల బయటపడని చెడు మార్పులు కొన్ని మోస్తూ ఉంటాడు. మేనమామను చేసుకుంటే పుట్టే బిడ్డకు ఏ జన్యువైనా రెండు కాపీలూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చే అవకాశం ఎనిమిదింట ఒకటి, మేనబావనైతే పదహారింట ఒకటి. ఆస్తి బయటికి పోకూడదని చేసే పని. ఏదీ బయటికి పోదు.

మేనరికం మానినా కులం దాటం కదా. మత్తు డాక్టర్లు గొంతులో గొట్టం వేసేముందు సక్సినైల్‌కోలిన్ అనే మందు ఇస్తారు. కండరాలు కొన్ని నిమిషాలు సడలి మళ్ళీ మామూలైపోతాయి. రక్తంలో ఆ మందును విరగ్గొట్టే ఎంజైము ఉంటుంది. తెలుగు వైశ్య కుటుంబాల్లో ఆ ఎంజైము జన్యువులో ఒక పాత మార్పు మిగతావాళ్ళకన్నా చాలా ఎక్కువ. రెండు కాపీలూ అలాగే ఉన్నవాళ్ళకు మందు గంటల తరబడి దిగదు, అంతసేపూ వెంటిలేటరే ఊపిరి. మామూలు రోజుల్లో దానివల్ల ఏ ఇబ్బందీ లేదు. సంగతి తెలిసిన డాక్టర్లు ఆపరేషన్‌కు ముందు మెల్లగా కులం అడుగుతారు. బంధువులు అదేదో సంబంధం కోసమనుకుని అమ్మాయి చదువు చెప్పడం మొదలుపెడతారు. ఇది వాళ్ళ ఒక్కరి కథ అనుకుని మిగతావాళ్ళు మీసం దువ్వక్కర్లేదు. హైదరాబాదులోని మన జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ వాళ్ళు కూడా పాల్గొని 2017లో ప్రచురించిన అధ్యయనంలో, దక్షిణాసియాలో చూసిన 263 సమూహాల్లో 81 ఇలా కొద్దిమంది పూర్వీకుల నుంచి తలుపులు మూసుకుని పెరిగినవని తేలింది, అదీ ఇలా పెరిగినవాళ్ళుగా పేరుపడ్డ ఫిన్లాండు వాళ్ళను మించి.

చివరగా, మన వంశశాస్త్రానికి ద్రోహం చేసిన ఒకావిడ గురించి చెప్పాలి. అమెరికాలో ఆన్ ఆర్బర్ అనే ఊరు. 1895. బట్టలు కుట్టుకుని బతికే ఒకావిడ వార్తిన్ అనే వైద్యుడితో, మా ఇంట్లో అందరూ పేగుల క్యాన్సర్‌తోనో గర్భసంచి క్యాన్సర్‌తోనో పోతారు, నేనూ త్వరగానే పోతాను అని చెప్పింది. ఆవిడ అన్నట్టే జరిగింది. వార్తిన్ ఆ మాట పట్టుకుని వాళ్ళ వంశమంతా రాసి 1913లో ప్రచురించాడు. తర్వాతి వాళ్ళు ఆ కుటుంబాన్ని తరాల తరబడి వెంబడించారు. 2000లో దొరికింది అసలు తప్పు, ఎంఎస్‌హెచ్2 అనే జన్యువులో. ఇందాక చెప్పిన, జత కుదరని అక్షరాలను పసిగట్టే దళంలో ముందు నడిచేది అదే. దిద్దేవాడి చేతిరాతలోనే తప్పు పడిందన్నమాట. ఇప్పుడు అలాంటి ఇళ్ళల్లో ఎవరికి ఆ మార్పు వచ్చిందో పరీక్ష చేసి చూస్తున్నారు. వచ్చినవాళ్ళకు చిన్న వయసు నుంచే పేగుల్లోకి కెమెరా పంపి, క్యాన్సర్ కాకముందే బొడిపెలు తీసేస్తున్నారు. ఎన్నో ప్రాణాలు నిలబడ్డాయి.

అంతా బాగానే ఉంది. కానీ ఇంట్లో పెళ్ళి కావలసిన పిల్లలుండగా, ఒక పరాయి మగాడి ముందు కూర్చుని అవన్నీ చెప్పుకోవడమేమిటండీ?