పాట రాసుకొచ్చారు సరే, దరువేదీ?

డిగ్రీ పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు చూస్తుంటే ఒళ్ళు మండుతోంది. మన ఆంధ్రాలో మొదటి ఏడాది అవగానే 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు ఉంటుంది కదా. సీనియర్ ఫైలు తేవడం, ఊరి పేరు మార్చడం, జిరాక్స్ షాపులో స్పైరల్ బైండింగ్ చేయించడం, అయిపోయింది. (అందరూ కాదు లెండి, తిట్టుకోకండి.) అదే సమయం, గుండెకు తప్పెట కట్టుకుని పాడుతూ ఆడే ఒక తప్పెటగుళ్ళ బృందం వెంట తిరిగితే? నాలుగేళ్ళ డిగ్రీలో మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం తెచ్చుకుంటే చివరి ఏడాది సొంతంగా పరిశోధన చేసుకునే వీలు కూడా వచ్చింది. మన చుట్టూ ఉన్న సంగీతం మీద చేయండర్రా అని నేను చెవినిల్లు కట్టుకుని పోరుతున్నాను.

అసలు చిక్కు వేరే ఉంది. మన దగ్గర జానపద పరిశోధన యూనివర్సిటీల తెలుగు శాఖల్లో పెరిగింది. ఉస్మానియాలో బిరుదురాజు రామరాజు గారు ఆ దారి వెయ్యకపోతే ఈ మాత్రం కూడా మిగిలేది కాదు, ఆయనకు వెయ్యి దండాలు. కానీ తర్వాత వచ్చినవాళ్ళలో చాలామంది పాటలోని మాటలు ఏరుకొచ్చి దరువును ఊళ్ళోనే వదిలేశారు. సంగీత శాఖలకేమో కచేరీ సంగీతమే లోకం. విజయనగరంలో 1919లోనే సంగీత కళాశాల వచ్చింది. ఆదిభట్ల నారాయణదాసు గారు, ద్వారం వెంకటస్వామినాయుడు గారు నడిపిన చోటు. అంత ఘనత ఉన్న ఈ గడ్డ మీద, జముకుల కథలో వాయించే జముకు శృతి గురించి రెండు ముక్కలు చదువుదామంటే తల ప్రాణం తోకకొస్తుంది.

జముకు దగ్గర్నుంచి చూశారా? తోలు ఒక పక్కనే ఉంటుంది. ఆ తోలు మధ్య నుంచి తీగ బయల్దేరి, తెరిచి ఉన్న రెండో పక్కకు వస్తుంది. వాద్యాన్ని చంకలో ఇరికించుకుని, ఒక చేత్తో తీగ బిగలాగి, ఇంకో చేత్తో మీటుతారు. బిగిస్తే శృతి పైకి, వదిలితే కిందికి. అది డప్పూ కాదు, వీణా కాదు. ఏడుపు ఘట్టంలో కథ చెప్పే మనిషి గొంతు ఎక్కడ జీరబోతుందో తీగ కూడా అక్కడే వెక్కుతుంది. రిపోర్టులో మాత్రం ఆ చోట బ్రాకెట్లో 'వాద్యం' అని ఉంటుంది. అంతే!

నేను పరిశోధన చేసినప్పుడు రికార్డింగులు జతచేస్తానంటే, "అవి ఎవరు వింటారు, పేజీలు పెంచు" అన్నారు ఒక పెద్దాయన. పేరెందుకులెండి. ఊళ్ళో కథ చెప్పే ముసలమ్మ మాత్రం నా నోట్‌బుక్ చూసి, "రాసుకుంతావేటి బాబూ, ముందు ఇను" అంది. జనం మధ్యకు వెళ్ళి వాళ్ళ సంగీతాన్ని చదవడానికి ఎత్నోమ్యూజికాలజీ అనే పెద్ద పేరు పెట్టి అమెరికాలో చెప్పేదీ ఇదే. సంగీతాన్ని చదవాలంటే ముందు వాయించడం నేర్చుకోవాలని 1960లోనే అక్కడి ప్రొఫెసర్ మాంటిల్ హుడ్ అన్నాడు, లాస్ ఏంజెలిస్‌లో తన విద్యార్థుల చేత జావా దీవి కంచు వాద్యాల మేళం, గమేళన్, వాయింపించాడు. మన దేశంలోనూ అచ్చంగా ఈ పనికే 1982లో మొదలైన ఒక ఆర్కైవ్ ఉంది, ఇప్పుడది గుర్గావ్‌లో ఉంది.

దీనికోసం గిరిజనుల థింసా నాట్యం వెతుక్కుంటూ అరకు దాకా పోనక్కర్లేదు. పోర్టు, నేవీ, స్టీల్‌ప్లాంట్ పుణ్యమా అని వైజాగ్‌లో లేని జనం లేరు. బెంగాలీల దుర్గాపూజ, బురుజుపేట కనకమహాలక్ష్మి గుడిలో మార్గశిర గురువారాలు, జాలారిపేట అమ్మవారి పండగలు, చర్చి పాటల బృందాలు, అన్నీ ఆటో దూరమే. ఉత్తరాంధ్ర బాణీలను ఉద్యమ వేదికలు ఎక్కించిన వంగపండు ప్రసాదరావు గారు ఇక్కడి షిప్‌యార్డులో పనిచేసిన మనిషి. ఆయన ఏ బాణీని ఎక్కణ్ణుంచి తెచ్చి ఎలా మార్చారో వెతికితే ఏడాది చాలదు. అవన్నీ కాదంటే, నిమజ్జనం రోజు డీజే బండి మీద కుర్రాణ్ణి పట్టుకోండి. ఏ డప్పు దరువును ల్యాప్‌టాప్‌లో ఎక్కించాడు, ఎవరి దగ్గర విన్నాడు? నాకైతే అంతకంటే మంచి టాపిక్ లేదు. డీజే అనగానే మొహం చిట్లించే ప్రొఫెసర్లతో నాకు ఎప్పుడూ గొడవే.

ఇంకొకటి. టీ ఇప్పించి మూడు గంటలు పాడించుకుని వచ్చేసే పద్ధతి మానండి. ఆ రోజు వాళ్ళ కూలి పోతుంది. కూలి డబ్బులు చేతిలో పెట్టండి, రికార్డు చేసే ముందు అడగండి, ఫైలు వాళ్ళ మనవడి వాట్సాప్‌కైనా పంపండి. టాపిక్ కోసం టెన్షన్ పడుతున్నవాళ్ళు కామెంట్లో అడగండి, తోచింది చెప్తాను. గైడ్‌ను మాత్రం మొదటి రోజే అడిగేయండి: ఆడియోకి మార్కులు వేస్తారా, వెయ్యరా?